రేడియేటర్ కి ఎయిర్ పట్టింది

పోయిన చలికాలం మా అమ్మ లీడ్స్ వచ్చింది. అప్పటికి మా పాపకి ఆరు వారాలు. మేం అద్దెకుండేది విక్టోరియా రాణి కాలం నాటి ఎర్ర ఇటుకల వరస ఇళ్ళలో ఒకటి. మేడ మీద గది అమ్మకీ, మా ఆవిడకీ, పాపకీ ఇచ్చేసి నేను లాప్ టాప్ తో సహా కింద సోఫా మీదకి మారిపోయాను. మూడో రోజు పొద్దున అమ్మ స్వెట్టర్ మీద స్వెట్టరూ, దాని మీద శాలువా, తలకి మంకీ క్యాపుతో కిందకి దిగి, "ఒరేయ్, గోడకున్న ఆ తెల్ల డబ్బా కింద కాలుతోంది, పైన మాత్రం మంచుగడ్డలా ఉందిరా. సగమే పనిచేస్తోంది. పసిదాని చేతులు చూడు, ఎలా చల్లబడ్డాయో" అంది.

నేను మన వృత్తిధర్మం పాటించాను. అంటే ఆఫ్ చేసి ఆన్ చేశాను :) ఏమీ మారలేదు. అద్దె ఏజెన్సీ వాళ్ళకి మెయిల్ పెట్టాను. రెండు రోజులకి ఒక్క లైను జవాబు: రేడియేటర్ ని బ్లీడ్ చేసుకోండి, అది అద్దెకున్నవాళ్ళ పని. బ్లీడింగ్ అంటే నాకు తెలిసింది నెత్తురు కారడం ఒక్కటే. ఆ డబ్బాకి నెత్తురెక్కడిది?

ఆ రాత్రి నూజివీడు దగ్గర మా ఊరికి వీడియో కాల్ చేస్తే, నాన్న విషయమంతా విని, "కింద వేడి, పైన చల్లన అంటున్నావు కదా, ఎయిర్ పట్టి ఉంటుందిరా. పైన ఎక్కడో ఒక నట్టు ఉండి తీరాలి, చూడు" అన్నారు. "నాన్నా, అది ఆయిల్ ఇంజను కాదు" అన్నాను. "ఏదైతేనేంరా, గొట్టంలో పోయేది నీళ్ళే కదా" అన్నారాయన.

మా చిన్నప్పుడు కాలవ గట్టున మాకో ఆయిల్ ఇంజను ఉండేది. డీజిలు పూర్తిగా అయిపోయాక మళ్ళీ పోస్తే ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. పైపులోకి గాలి దూరేది. నాన్న ఓ నట్టు వదులు చేసి చేత్తో డీజిలు కొడుతుంటే మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగల్లేని ధార వచ్చేవి. అప్పుడు నట్టు బిగించేవారు. పంపుసెట్టున్న ఏ ఊళ్ళో అడిగినా చెప్తారు ఈ సంగతి. పట్టా పుచ్చుకున్న ఇంజనీరునైన నాకు తట్టలేదు.

వెతికితే నిజంగానే ఉంది. రేడియేటర్ పై మూల, ఓ పక్కగా, నలుపలకల చిన్న ఇత్తడి మొలక. దాన్ని తిప్పే తాళంచెవి ఇక్కడ ఏ హార్డ్ వేర్ కొట్లో అయినా దొరుకుతుంది. కొనుక్కొచ్చి రంగంలోకి దిగాను. రెండు తప్పులు చేశాను. మొదటిది, బాయిలర్ ఆపకుండా మొదలెట్టడం. పంపు తిరుగుతుంటే గాలి ఒక చోట కుదురుగా పైకి చేరదు, పైగా వచ్చే నీళ్ళు సలసలా కాలుతుంటాయి. ఆపి, రేడియేటర్ చల్లారాక చెయ్యాలి. రెండోది, పావు తిప్పు సరిపోయేదానికి నేను మూడు తిప్పులు తిప్పడం. స్స్స్ మని ఓ అరనిమిషం గాలి వచ్చింది, ఆ తర్వాత పిన్ను ఊడి నా చేతిలోకే వచ్చింది. దాని వెనకే కాటుక కలిపినట్టున్న నల్లటి నీళ్ళు - గోడ మీద, కార్పెట్ మీద, నా మొహం మీద. బొటనవేలితో కన్నం మూసి మా ఆవిణ్ణి కేకేశాను. ఎలాగో పిన్ను మళ్ళీ ఎక్కించాం.

అయిందనుకుంటే కాలేదు. రాత్రి పదికి ఇల్లంతా చల్లబడిపోయింది. బాయిలర్ ఏదో ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోయింది. దాని ప్రెషర్ ముల్లు 0.3 దగ్గరుంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ దాకా ఉండాలిట. బయట మైనస్ మూడు. పాపని అమ్మ తన శాలువాలో చుట్టుకుని కూర్చుంది. నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ భయమేసింది. చివరికి బాయిలర్ కింద జడ అల్లినట్టున్న ఓ వెండిరంగు గొట్టం కనబడింది. దాని రెండు చివర్లా ఉన్న కుళాయిలు నెమ్మదిగా తెరిస్తే ఊరి కుళాయి నీళ్ళు లోపలికెళ్ళి ముల్లు 1.3 కి లేచింది. కుళాయిలు మూసి, బాయిలర్ ని రీసెట్ చేస్తే వెలిగింది. అప్పటికి పదకొండున్నర.

నిద్ర ఎలాగూ పట్టలేదు. సోఫాలో కూర్చుని చదవడం మొదలెట్టాను. అన్ని వైపులా మూసేసిన గొట్టాల్లోకి గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ నలుపేంటి? కాస్త గాలి తీస్తే ప్రెషర్ అంతలా ఎందుకు పడిపోవాలి? ఆ రాత్రీ, తర్వాత కొన్ని వారాలూ చదివింది ఇక్కడ రాస్తున్నాను. చలిదేశాల్లో ఉన్న మనవాళ్ళకి పనికొస్తుంది. మిగతావాళ్ళకి కాలక్షేపం.

వేణ్ణీళ్ళ గొట్టాలతో గది వెచ్చబెట్టడమనే ఆలోచన మనుషుల సుఖం కోసం పుట్టింది కాదు. మొదట మొక్కలు, తర్వాత కోడిపిల్లలు, ఆ తర్వాతే మనుషులు. మార్టెన్ ట్రీవాల్డ్ అనే స్వీడన్ ఆయన ఇంగ్లండులో గనుల్లో నీళ్ళు తోడే ఆవిరియంత్రాల పనిలో ఉండేవాడు. 1716 లో న్యూకాసిల్ లో (మా లీడ్స్ నుంచి ఉత్తరానికి రైల్లో గంటన్నర) ఒక గాజింట్లో మొక్కల్ని చలి నుంచి కాపాడటానికి వేణ్ణీళ్ళు గొట్టాల్లో తిప్పాడు. 1777 ప్రాంతంలో ఫ్రాన్సులో బాన్ మాఁ అనే ఆయన గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని పారిస్ లో అమ్మడానికి అదే పని చేశాడు. గుడ్లకి వేడి ఒక డిగ్రీ ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. అందుకని వేడికి రెండు లోహాలు వేరువేరుగా సాగడాన్ని వాడుకుని, పొయ్యిలోకి పోయే గాలిని దానంతటదే తగ్గించే అమరిక కూడా చేశాడు. ఇవాళ మన గోడ మీదున్న థర్మోస్టాట్ కి అదో ముత్తాత అన్నమాట. గుడ్లు పొదగడానికి పుట్టిందని తెలిశాక మా థర్మోస్టాట్ మీద నాకు గౌరవం పెరిగింది.

ఆవిరి వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. జేమ్స్ వాట్ 1784 లో తను పనిచేసుకునే గదికి ఆవిరితో వేడి పెట్టుకున్నాడు. ఆవిరి దారి తర్వాత అమెరికా పట్టుకుంది. న్యూయార్క్ పాత అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకి తెలుసు, అర్ధరాత్రి రేడియేటర్ బుసకొడుతుంది. ఆవిరి లోపలికి రావాలంటే ముందు అక్కడున్న గాలి బయటికి పోవాలి, ఆ పోయేటప్పుడు వచ్చే చప్పుడే అది. అక్కడ ప్రతిసారీ గాలి దానంతటదే పోతుంది, వాల్వ్ మూసుకుంటుంది. ఇంగ్లండులో నీళ్ళ దారి పట్టిన మనకి ఆ పని తాళంచెవితో చేసుకోవాలి.

నీళ్ళ దారిలో నాకు అందరికన్నా నచ్చిన మనిషి యాంజియర్ మార్చ్ పెర్కిన్స్. అమెరికాలో పుట్టి లండన్ లో స్థిరపడ్డాడు. వీళ్ళ నాన్న జేకబ్ పెర్కిన్స్ 1834 లో ఫ్రిజ్ కి మూలమైన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కొడుకు అంతకు మూడేళ్ళ ముందే, 1831 లో, ఇళ్ళు వెచ్చబెట్టే పద్ధతికి తీసుకున్నాడు. తండ్రి చల్లబెట్టడం, కొడుకు వేడిపెట్టడం. ఒకే ఇంట్లో రెండు ప్రోడక్టులు :) కొడుకు మొదటి ఖాతాదారుల్లో ఒకాయన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు హోర్స్ లీ పామర్. ఆయనకి కావలసింది ఇంగ్లండు చలిలో ద్రాక్షపళ్ళు పండించడం. చూశారా, మళ్ళీ మొక్కలే!

పెర్కిన్స్ చేసిందేమిటంటే, సన్నటి, మందమైన ఇనపగొట్టాన్ని ఇల్లంతా ఒక చుట్టుగా తిప్పి, కొంత భాగాన్ని పొయ్యిలో చుట్టలు చుట్టి, నీళ్ళు నింపి, అన్ని వైపులా మూసెయ్యడం. మూసేశాడు కాబట్టి నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరిగి ఆవిరైపోవు, ప్రెషర్ పెరుగుతుంది. ఆ వేడికి గొట్టాలకి ఆనుకున్న చెక్క మాడే ప్రమాదం ఉండేది. ఇప్పుడు ఇళ్ళల్లో అంత వేడి ఎవరూ పెట్టరు. కానీ ఈ మూసెయ్యడం దగ్గర ఆయనకో చిక్కొచ్చింది. మా ఇంటి కథకి అదే మూలం. పది డిగ్రీల నీళ్ళని ఎనభైకి తీసుకెళితే వంద లీటర్లు దాదాపు నూటమూడు లీటర్లవుతాయి. ఆ మూడు లీటర్లూ ఎక్కడికి పోవాలి? నీళ్ళు నొక్కితే నలగవు. చోటు లేకపోతే గొట్టం పగులుతుంది. అందుకని ఆయన పైన ఓ లావుపాటి గొట్టం పెట్టి, దాన్ని నీళ్ళతో నింపకుండా ఖాళీగా, అంటే గాలితో ఉంచాడు. నీళ్ళు పెరిగినప్పుడు ఆ గాలి నలిగి చోటిస్తుంది. మిగతా గొట్టాల్లో మాత్రం గాలి బుడగ మిగలకుండా నీళ్ళు నింపాలి.

అంటే ఒకే వ్యవస్థలో గాలి ఒక చోట ఉండి తీరాలి, మిగతా అన్ని చోట్లా ఉండకూడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

పెర్కిన్స్ పద్ధతి చూసి జనం భయపడటంలో తప్పు లేదు. ఎక్కువమంది తక్కువ వేడి, తెరిచిన తొట్టి ఉన్న పద్ధతికి వెళ్ళారు. అడుగున బాయిలర్, అన్నిటికన్నా పైన అటక మీద మూతలేని తొట్టి. నీళ్ళు పెరిగితే తొట్టిలోకి ఎక్కుతాయి, చల్లారితే దిగుతాయి. పంపు లేదు. వేడినీళ్ళు తేలిక కాబట్టి పైకెళతాయి, చల్లారినవి బరువు కాబట్టి దిగుతాయి. వినడానికి ఎంత అందంగా ఉందో! కానీ ఓసారి లెక్కేసి చూడండి. ఎనభై డిగ్రీల నీటికీ, అరవై డిగ్రీల నీటికీ బరువులో తేడా నూటికి ఒక్క పాలు, కొంచెం పైన. ఐదు మీటర్ల ఎత్తులో ఆ తేడా మొత్తం కలిపితే ఆరు సెంటీమీటర్ల నీటి బరువు కూడా రాదు. ఆ ఆరు సెంటీమీటర్ల బలంతోనే ఇల్లంతా నీళ్ళు తిరగాలి! దారిలో గొట్టం కాస్త పైకి వంగి, ఆ వంపులో చారెడు గాలి కూర్చుంటే చాలు, మొత్తం ఆగిపోతుంది. అందుకే పాతకాలం మేస్త్రీలు రెండంగుళాల లావు గొట్టాలు వాడేవాళ్ళు, ప్రతి గొట్టాన్నీ గాలి పైకి పోయేలా ఒకే వైపు వాలుగా వేసేవాళ్ళు. నీటిమట్టం పట్టుకుని చేసే పని అది. గాలిని ఎలా పంపాలన్నది వాళ్ళకి రిపేరు కాదు, డిజైను.

ఇంతకీ రేడియేటర్ ఎవరు కనిపెట్టారు? ఇక్కడ మామూలు తగాదానే. ప్రష్యాలో పుట్టి సెయింట్ పీటర్స్ బర్గ్ లో ఫ్యాక్టరీ పెట్టిన ఫ్రాంజ్ సాన్ గాలీ 1855-57 మధ్య చేశాడని రష్యావాళ్ళంటారు. వాళ్ళ సమారా నగరంలో 2005 లో రేడియేటర్ కి ఏకంగా ఓ శిల్పం పెట్టారు. రేడియేటర్, దాని పైన కిటికీ గట్టు, గట్టు మీద వెచ్చగా పడుకున్న పిల్లి. దాన్ని తయారుచేసిన శిల్పికి రేడియేటర్ అంటే ఏమిటో బాగా తెలుసు :) అమెరికావాళ్ళు 1863 లో పేటెంటు తీసుకున్న నేసన్, బ్రిగ్స్ ల పేర్లు చెప్తారు. ఈ జోసెఫ్ నేసన్ లండన్ లో పెర్కిన్స్ దగ్గర పని నేర్చుకుని వెళ్ళినవాడే. నన్నడిగితే ఎవరు ముందన్నది పెద్ద విషయం కాదు. పోత ఇనపముక్కల్ని పక్కపక్కన బిగించి, గది ఎంతుంటే అన్ని ముక్కలు కలుపుకునేలా చెయ్యడం అసలు విషయం. మన భాషలో చెప్పాలంటే మాడ్యులర్ అయ్యింది. దాంతో అది సరుకైపోయింది. 1892 లో మూడు కంపెనీలు కలిసి అమెరికన్ రేడియేటర్ కంపెనీ అయ్యాయి. న్యూయార్క్ లో బ్రయంట్ పార్కు ఎదురుగా నల్లటి ఇటుకలతో, బంగారురంగు తలతో ఓ భవనం ఉంటుంది. అది వాళ్ళు 1924 లో కట్టించుకున్నదే. చూస్తే నిప్పంటుకున్న బొగ్గులా ఉంటుంది. అన్నట్టు రేడియేటర్ అన్న పేరు కూడా సగం అబద్ధం. ఇవాళ్టి పలకల రేడియేటర్ ఎక్కువ వేడి ఇచ్చేది గాలిని వేడిచేసి పైకి పంపడం ద్వారానే. అందుకే దానికి అడ్డంగా సోఫా జరిపితే (నాలాగా) గది వెచ్చబడదు.

ఇన్ని కనిపెట్టిన ఇంగ్లండు తన ఇళ్ళల్లో పెట్టుకోవడానికి మాత్రం ఓ జీవితకాలం ఆలస్యం చేసింది. బొగ్గు చవగ్గా దొరికేది. గదిలో మంట కనబడితేనే వాళ్ళకి వెచ్చన. ఆ మంట వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి ఆకాశానికి పోయినా సరే. మా ఇంట్లో ప్రతి గదిలోనూ ఆ పాత పొయ్యిగూడు మూసేసిన గుర్తు కనిపిస్తుంది. 1952 డిసెంబరులో లండన్ ని కమ్మేసిన పొగమంచుకి వేలమంది చనిపోయాక, 1956 లో శుభ్రమైన గాలి చట్టం వచ్చింది. 1967 నుంచి 1977 దాకా దేశమంతా ఇంటింటికీ తిరిగి గ్యాస్ పొయ్యిల్ని ఉత్తర సముద్రం గ్యాసుకి మార్చారు. ఓ వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్ కి మొత్తం దేశాన్ని మైగ్రేట్ చెయ్యడం! ఆ పనికి పదేళ్ళు పట్టింది. 1972 లో కూడా సెంట్రల్ హీటింగ్ ఉన్నవి నూటికి 37 ఇళ్ళే. ఇప్పుడు లేని ఇల్లు వెతకాలి.

మరి గొట్టాలు పెట్టడానికి ఆ ఇళ్ళల్లో చోటెక్కడిది? ఇక్కడ పంపు కాపాడింది. 1928 లో జర్మనీలో విల్హెల్మ్ ఓప్లెండర్ గొట్టంలోనే ఇమిడి నీళ్ళని తోసే చిన్న పంపు తెచ్చాడు. పంపు ఉంటే ఆరు సెంటీమీటర్ల బలం మీద ఆధారపడక్కర్లేదు. రెండంగుళాల గొట్టాలు పోయి వేలంత సన్నటి రాగి గొట్టాలు వచ్చాయి. వాలు చూసుకోనక్కర్లేదు, గచ్చు కింద ఎలా కుదిరితే అలా వంచుకోవచ్చు. పోత ఇనుము పోయి పల్చటి స్టీలు రేకు రేడియేటర్లు వచ్చాయి. చివరికి అటక మీది తొట్టి కూడా పోయి, ఊరి కుళాయికి తగిలించిన మూసేసిన బాయిలర్ వచ్చింది. అంటే నూటయాభై ఏళ్ళ తర్వాత, వేడి తగ్గించుకుని, మళ్ళీ పెర్కిన్స్ దగ్గరికే వచ్చాం.

ప్రతి మార్పూ మంచిదే. కాదనను. చవక, చోటు కలిసొస్తుంది, అటక మీద తొట్టి గడ్డకట్టే బాధ లేదు. కానీ మేస్త్రీ వాలుగా గొట్టం వేసి గాలికి చూపించిన దారి మూసుకుపోయింది. దాని బదులు ప్రతి రేడియేటర్ కీ ఓ ఇత్తడి మొలక పెట్టి, మిగతాది ఇంట్లోవాళ్ళు చూసుకుంటారులే అని వదిలేశారు. డిజైనులో ఉండాల్సినది యూజర్ మాన్యువల్ లోకి మారింది. మనం రోజూ చేసే పనే కాబట్టి నాకు వాళ్ళని తిట్టే అర్హత లేదనుకోండి.

ఇప్పుడు నా ప్రశ్నలకి జవాబులు. గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎసరు పెట్టినప్పుడు చూడండి, నీళ్ళు మరగడానికి చాలా ముందే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు కడతాయి. చల్లటి నీళ్ళలో కరిగున్న గాలి వేడికి బయటికొస్తుంది. కుళాయి నీళ్ళు కొత్తగా పట్టిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఆ బుడగలు తేలి తేలి ఎత్తైన చోటికి, అంటే మేడ మీద గది రేడియేటర్ నెత్తికి చేరతాయి. ఆ గాలిలోని ఆక్సిజన్ స్టీలుని తింటుంది. ఆక్సిజన్ చాలినంత లేని చోట ఇనుము ఎర్ర తుప్పు కాకుండా నల్లటి మాగ్నటైట్ అవుతుంది. నా మొహం మీద పడిన కాటుక అదే, అయస్కాంతానికి అంటుకుంటుంది. నేను అస్సలు ఊహించనిది ఇంకోటుంది. ఆ నల్లతుప్పు తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. కొత్తగా నీళ్ళు పట్టకపోయినా వారం వారం గాలి తియ్యాల్సి వస్తోందంటే వచ్చేది గాలి కాకపోవచ్చు, హైడ్రోజన్ కావచ్చు. కాబట్టి గాలి తీసేటప్పుడు దగ్గర్లో నిప్పు, అగరొత్తి, సిగరెట్ ఉండకూడదు. (మా అమ్మ ఆ గదిలోనే దేవుడి పటం పెట్టి దీపం వెలిగించేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేల్ మంటుంది.)

ఇదంతా తెలిశాక రేడియేటర్ మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పడం కష్టం కాదు. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి. కింది మధ్యభాగం చల్లగా, పైన వేడిగా ఉంటే నల్లటి మడ్డి అడుగున పేరుకుంది. దానికి ఎంత గాలి తీసినా లాభం లేదు, విప్పి కడగాల్సిందే. ఒక్క రేడియేటర్ మొత్తం చల్లగా ఉండి, దాని పక్కన అంకెల తలకాయ ఉంటే దాన్ని ఊడదీసి చూడండి. లోపలి పిన్ను ఎండాకాలమంతా కదలక దిగబడిపోయి ఉంటుంది, మెల్లగా తట్టి కదిలిస్తే వస్తుంది. (వేడికి తనంతట తానే మూసుకునే ఆ తలకాయ 1940ల్లో డెన్మార్క్ డాన్ ఫాస్ వాళ్ళది.) బాయిలర్ కి దగ్గరున్నవి కాలిపోతూ దూరంగా ఉన్నవి చల్లగా ఉంటే గాలీ కాదు, మడ్డీ కాదు. దగ్గరవాళ్ళు వాటా ఎక్కువ లాగేస్తున్నారు, రెండో చివరున్న వాల్వ్ ని కాస్త బిగించి పంపకం సరిచెయ్యాలి. మా ఊళ్ళో కాలవ తలదగ్గర పొలాలకీ, చివర పొలాలకీ ఉన్న గొడవే.

పైగదిలో గాలి తీసిన నాలుగో రోజుకి ముల్లు మళ్ళీ 0.5 కి దిగింది. జడ గొట్టంతో నీళ్ళు పట్టాను. ఇంకో మూడు రోజులకి మళ్ళీ. మళ్ళీ పైన చల్లన, మళ్ళీ తాళంచెవి. రెండు వారాలు ఇదే కాపురం. అప్పుడు వెలిగింది నాకు. నేను మెమరీ లీకున్న సర్వర్ ని రోజూ రాత్రి రీస్టార్ట్ చేసేవాడి పని చేస్తున్నాను. అంతకన్నా ఘోరం, ప్రతి రీస్టార్టూ లీకుని పెద్దది చేస్తోంది. నీళ్ళు పట్టిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్, కొత్త తుప్పు, కొత్త గ్యాసు. నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి. కార్పెట్ ఎక్కడా తడి లేదు. మరెక్కడికి?

ఈసారి ఏజెన్సీకి రాసిన మెయిల్ లో ఒక వాక్యం కలిపాను. ఇంగ్లండులో 1985 నాటి అద్దె చట్టం సెక్షన్ 11 ప్రకారం మామూలు అద్దె ఇళ్ళల్లో గది వేడికీ, వేణ్ణీళ్ళకీ పెట్టిన ఏర్పాట్లు పనిచేసేలా ఉంచే బాధ్యత ఇంటి ఓనరుది. తాళంచెవి తిప్పడం నా పనే, ఒప్పుకుంటాను. కానీ వారానికి రెండుసార్లు తిప్పాల్సి రావడం రిపేరు. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, సిగ్గు లేకుండా చెప్తున్నా. వీసా మీద ఉన్నాం, అద్దె పొడిగించాలి, గొడవెందుకు అన్న లెక్కలు. ఇలాంటి లెక్కలేసుకుని మనవాళ్ళు చాలామంది చలికాలమంతా గదికో చిన్న కరెంటు హీటరు కొనుక్కుని, ఆ బిల్లు కట్టుకుంటూ ఊరుకుంటారు. నా ఇద్దరు స్నేహితులు అదే సలహా ఇచ్చారు. పాప లేకపోతే నేనూ అదే చేసుండేవాణ్ణి.

మర్నాడే ఫోనొచ్చింది. గురువారం గ్యాస్ ఇంజనీరు వచ్చాడు. (బాయిలర్ మూత విప్పే పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ లో ఉన్నవాళ్ళే చెయ్యాలి. మన వీరత్వం రేడియేటర్ దగ్గరే ఆగాలి.) అరవై ఏళ్ళుంటాయేమో. లోపలికి రాకుండా ముందు ఇంటి వెనక్కెళ్ళి, గోడలోంచి బయటికొచ్చిన ఓ రాగి గొట్టం కింద చూశాడు. అక్కడ ఇటుక మీద గడ్డకట్టిన చిన్న మంచు ఊడ. మా నీళ్ళన్నీ అక్కడున్నాయి! రెండు వారాల్లో నేను వెనక పెరట్లోకి ఒక్కసారి వెళ్ళి ఉంటే కనబడేది.

జరిగిందిదీ. బాయిలర్ లోపల పళ్ళెంలాంటి ఓ డబ్బా ఉంటుంది. మధ్యలో రబ్బరు పొర, పొరకి ఒకవైపు మన గొట్టాల నీళ్ళు, రెండోవైపు గాలి. నీళ్ళు వేడికి పెరిగినప్పుడు ఆ గాలి నలిగి చోటిస్తుంది. మాది సర్వీసు లేక ఏళ్ళ తరబడి గాలి పోయి చప్పబడింది. చోటు లేక వేడెక్కినప్పుడల్లా ప్రెషర్ 3 బార్ దాకా పోతోంది, అక్కడ సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్ళు బయటికి వదులుతోంది. చల్లారాక చూస్తే ముల్లు కిందకి. నేను మళ్ళీ నింపుతాను, అది మళ్ళీ వదులుతుంది. 1831 లో పెర్కిన్స్ పైన వదిలిన ఖాళీ గొట్టమే ఇది, రబ్బరు పొర ఒక్కటీ ఎక్కువ. ఉండకూడని చోట గాలి ఉందని నేను తాళంచెవి పట్టుకుని తిరిగితే, అసలు జబ్బు ఉండాల్సిన చోట లేకపోవడం.

ఆయన వ్యవస్థలో ప్రెషర్ తీసేసి, కారు టైరుకుండేలాంటి వాల్వ్ ఒకటి చూపించి, సంచీలోంచి కాలితో కొట్టే పంపు తీసి దానికి తగిలించి కొట్టడం మొదలెట్టాడు. మెట్ల మీద పాపని ఎత్తుకుని నిలబడ్డ అమ్మ ఇదంతా చూసి, "గాలి తియ్యడానికొచ్చినవాడు గాలి కొడతాడేంట్రా?" అంది.

సేఫ్టీ వాల్వ్ కూడా మార్చి, తుప్పు పట్టకుండా మందు పోసి, 1.2 దగ్గర పెట్టి వెళ్ళాడు. వారం తర్వాత చూస్తే 1.2. నెల తర్వాత 1.2. నాన్నకి ఫోన్లో చెప్తే మొత్తం విని, "ఫుట్ వాల్వ్ లీకైతే ఎన్ని బిందెలు పోసినా అంతే కదరా" అన్నారు. నేను మూడొందల ఏళ్ళు చదివి తెలుసుకున్నది ఆయనకి ఒక్క ముక్కలో వచ్చేసింది.

అమ్మ మే నెలలో వెళ్ళిపోయింది. హాల్లో రేడియేటర్ ఒకటి మాత్రం అడుగున ఇంకా చల్లగానే ఉంది, మడ్డి. ఎండలుండగానే దాన్ని గోడ నుంచి దింపి పెరట్లో కడగాలని ఏజెన్సీకి రాశాను. జవాబు రావాలి.